పసిపిల్లల బరువు

ఆఫీసులో అందరూ ఆమెను చాటుగా నత్తమ్మ అనేవారు. ఆసుపత్రుల్లో పిల్లల బరువును బట్టి మందు మోతాదు లెక్కగట్టే ప్రోగ్రాము వాళ్లది. ఆమె నాలుగు వరుసలు రాసిందంటే, అవి సరైన లెక్క చెబుతున్నాయో లేదో చూసే యూనిట్ టెస్టు ఒకటి రాయాల్సిందే. మీట నొక్కి, తెర మీద టెస్టు నెగ్గినట్టు పచ్చరంగు కనిపిస్తే గాని తర్వాతి పనికి కదిలేది కాదు. గోరంత మార్పుకి ఇంత తతంగమా అని నవ్వేవాళ్లు. ఏళ్ల తరబడి ఇదే వరస. నడుం నొప్పి, కళ్ల మంటలు, చల్లారిపోయిన కాఫీ. ఆ పని మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. అలవాటు మాత్రం వదల్లేదు.

ఆ మధ్యాహ్నం కొత్త వెర్షను ఆసుపత్రికి పంపాలి. పక్క సీటు అమ్మాయి పొద్దున చేసిన మార్పులు కలిపి, ఆమె టెస్టులన్నీ నడిపింది. ఒకటి ఎర్రబడింది.

వాళ్ల టీము లీడరు ఊపిరి సలపని హడావిడిలో ఉన్నాడు. "ఒక్కటేగా! దాన్ని ఆపేసి పంపించెయ్యండి. తర్వాత చూసుకుందాం."

"ఎందుకు ఎర్రబడిందో తెలీకుండా ఎలా పంపనండీ?"

"ఆ టెస్టే తప్పేమో!"

"కావచ్చు. చూసి చెప్తాను." వాదించే ఓపిక లేక కుర్చీ ముందుకు లాక్కుంది.

వెతగ్గా వెతగ్గా దొరికింది. తెర మీద అంకెలు పొందిగ్గా కనపడాలని ఆ అమ్మాయి బరువును దగ్గరి కిలోకి సర్దేసింది. రెండున్నర కిలోల పసికందు మూడు కిలోలైపోయింది. మందూ ఆ మేరకు పెరిగిపోయింది.

అమ్మాయి మొహం పాలిపోయింది. "మోతాదు కూడా దాన్నే వాడుతుందని తెలీదక్కా..."

"సర్లే. సరిచెయ్యి. మళ్లీ నడుపుదాం."

అన్నీ పచ్చబడేసరికి పంపాల్సిన వేళ దాటిపోయింది. ఆలస్యానికి కారణంగా లీడరు పైవాళ్లకు మెయిల్లో ఆమె పేరే రాశాడు. ఆమె అది చదివి, బ్యాగు సర్దుకుంది.

ఇంట్లో ఆడపడుచు సోఫాలో కూలబడి ఉంది. పిల్లల వార్డులో నర్సు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది.

"మీ కొత్త ప్రోగ్రాము ఇవాళ ఇస్తామన్నారుగా వదినా! మోతాదులు చేత్తో వేసి వేసి తల వాచిపోయింది."

"రేపొస్తుంది."

"దాని లెక్క నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు. నేను చూశాను."

ఆడపడుచు కాళ్లు ముడుచుకుని పక్కన చోటిచ్చింది. దీపం వెయ్యడానికి కూడా లేవకుండా ఇద్దరూ అలాగే కూర్చుండిపోయారు.