వేలికి దినం

అగ్నేసమ్మ కన్యాస్త్రీ కావాలనుకుంది. పన్నెండేళ్ళప్పుడు చర్చి అలమరలో దొరికిన ఒక పునీతురాలి చరిత్ర చదివింది. చాకలివాళ్ళ కూతుళ్ళకు బడి పెట్టి, పెద్దమనుషులందరి చేతా తిట్లు తిన్న పునీతురాలు ఆవిడ. అగ్నేసమ్మ ఆమెనే పట్టుకుంది. ఆ పునీతురాలి పేరు పెట్టుకున్న మఠం మాత్రం పోర్టు కలాసీ కూతురైన అగ్నేసమ్మను ఇంగ్లీషు రాదని వెనక్కి పంపింది. ముసుగు లేకపోతే బడి నడవదా అనుకుని, డెబ్బై నాలుగులో గాజువాక అవతల ఒక పల్లెలో, రేకుల షెడ్డులో పెద్దవాళ్ళకు సాయంకాలం బడి పెట్టింది.

ఉక్కు ఫ్యాక్టరీ కింద ఆ ఊరు పోతుందని అప్పటికే సర్వే రాళ్ళు పాతారు. "చదవకుండా కాగితం మీద వేలిముద్ర పెడితే నెత్తిన చెయ్యే" అని భయపెట్టి మనుషులను రప్పించింది. సంతకం నేర్చిన రోజుకు ఒక తంతు కూడా పెట్టింది: ఎడమ బొటనవేలిని మసిలో ముంచి, ఆఖరిసారి షెడ్డు గోడకు అద్దాలి. తర్వాత బెల్లం, వేరుసెనగ పప్పు పంచాలి. ఊరు దానికి 'వేలికి దినం' అని పేరు పెట్టింది.

యాభై దాటిన అసిరమ్మకు ఆ దినం రావడానికి రెండేళ్ళు పట్టింది.

"నాను సచ్చినా ఇంతమంది రారు టీచరమ్మా, నా ఏలు సత్తే ఒచ్చేరు" అని నవ్వింది.

ఎనభై రెండులో పొలాలు పోయాయి. భూమి పోయిన ఇంటికొక ఉద్యోగం కార్డు అన్నారు. కొడుకు పైడిరాజు కోసం అసిరమ్మ దరఖాస్తు మీద వంకర అక్షరాలతో సంతకం చేసింది. ఆఫీసులో గుమాస్తా ఆమె పాత పట్టా తీశాడు. దాని మీద వేలిముద్ర ఉంది.

"ఇక్కడ వేలు, ఇక్కడ సంతకం. ఇద్దరూ ఒకరేనని ఏటి రుజువు?"

"నేర్చుకుందండి. నేనే నేర్పాను" అంది వెంట వచ్చిన అగ్నేసమ్మ.

"నిన్నెవరు నేర్పమన్నారమ్మా?"

"మళ్ళీ వేలు వేయించి పోల్చుకోండి."

"సంతకం వచ్చినోళ్ళ వేలు మేం తీసుకోం. రాయడం రాదని ఎవరైనా చదువుకున్నవాళ్ళు రాసిస్తేనే వేలు తీసుకుంటాం. శనివారం ఆఖరు."

బయటికి వచ్చాక, కలెక్టరుకు అర్జీ పెడతానంది అగ్నేసమ్మ.

"నువ్వెట్టీలోగా శనారం ఎల్లిపోద్ది. మావోడు సేపల రేవులో తట్టలు మొయ్యాలా? నీ సదువుకో దండం తల్లీ, ఆ కాయితం రాసీ."

ఆ పునీతురాలైతే ఒప్పుకునేది కాదు, అది అగ్నేసమ్మకు తెలుసు. కానీ ఆ పునీతురాలి ఎదురుగా అసిరమ్మ కూర్చోలేదు. కూర్చున్నా పుస్తకం రాసినవాడు ఆ ముక్క ఎందుకు రాస్తాడు?

రాసింది. అసిరమ్మ కాగితం లాక్కుని, అక్షరాల కింద వేలు జరుపుతూ పైకే చదివింది.

"అసిరమ్మ అను ఈమెకు... సదవడం గాని... రాయడం గాని రాదని... నేను ఎరుగుదును." ఒక్కచోట కూడా తప్పు పోలేదు. "బాగా రాసినావు టీచరమ్మా" అని మడిచి రొంటిన దోపుకుంది.

కబురు పాకింది. మర్నాడు సాయంకాలం బడికి పదకొండుమంది వచ్చారు. ఒక్కరి చేతిలోనూ పలక లేదు.

"మాకూ రాదని రాసీ" అన్నారు.

వాళ్ళందరికీ సంతకం నేర్పడానికి ఎనిమిదేళ్ళు పట్టింది. రాదని రాయడానికి గంట చాలింది.