దండెం మీద పెరిగిన టాప్

పోయిన ఆదివారం మా అమ్మాయి హాలంతా కాగితాలు పరిచింది. దానికి శ్రీ సిటీలో ఒక కంపెనీలో పని. వారమంతా తిరుపతి నుంచి కంపెనీ బస్సులో పోయి వస్తూ, ఆదివారం వస్తే మధ్యాహ్నం దాకా ముసుగు తియ్యదు. ఆ రోజు మాత్రం పొద్దున్నే లేచి, ఫోన్లో కొన్న టాప్ కటింగును, అంటే కొలతల నమూనాను, ప్రింట్ తీయించిన కాగితాలు ఒకదానికొకటి టేపుతో అంటించి, పక్కన ఆకుపచ్చ బనియన్ గుడ్డ పరుచుకుని కూర్చుంది. కటింగు ఉన్నదున్నట్టు కుట్టుకుంటే సరిపోదంట. "చేతులు మోచేతి దాకా రావాలమ్మా, మెడ ఇంత దిగొద్దు, ఎడం పక్క ఒక జేబు ఉండాల" అని చెప్తా చెప్తానే, పొడవు చాలడం లేదని కాగితాన్ని అడ్డంగా తిప్పి గుడ్డ మీద పెట్టింది. వంటింటి గడపలో నిలబడి చూస్తున్నదాన్ని "అడ్డంగా పెట్టొద్దే" అని అరిచాను. ఆ అరుపు నాకే కొత్తగా వినిపించింది. అది కత్తెర కింద పెట్టి "ఏమైందమ్మా, గుడ్డే గదా" అంది. నిజమే, గుడ్డే. చెయ్యి తుడుచుకుని దాని పక్కన కూర్చున్నాను.

మా మేనత్తది నగరి. ఇంటి ముందు గదిలో మరమగ్గాలు, వీధిలో ఏ ఇంట్లో చూసినా అవే. ఆ మోతలో అరిస్తే తప్ప మాట వినపడదు. అందుకే ఆ వీధివాళ్ళు పెళ్ళికొచ్చినా గొంతు తగ్గించరు. "మా చెల్లెలికి గుట్టు చెప్తే పుత్తూరు దాకా వినపడతాది" అని మా నాయన ఏడిపించేవాడు. అత్త గుడ్డను కళ్ళతో చూసేది కాదు, రెండు వేళ్ళతో నలిపి చూసేది. ఆమెకు గుడ్డంటే పడుగూ పేకా, అంటే నిలువు దారం, అడ్డ దారం. ఎటు తిప్పి కోసినా ఇచ్చిన కొలత ఇచ్చినట్టే నిలబడుతుంది. బనియన్ గుడ్డకు ఆ నిజాయితీ లేదు. అది నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. ఒకవైపు బాగా సాగుతుంది, ఇంకోవైపు బిగబట్టుకుంటుంది. సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి. అలా కాకుండా నిలువుకు వచ్చిందంటే, తడిపి ఆరేసిన ప్రతిసారీ టాప్ తన బరువుకు తానే కొంచెం కిందికి దిగుతుంది. తిరుపతిలో కుట్టు మిషన్ నేర్చుకునేటప్పుడు నాకు మొట్టమొదట చెప్పిన పాఠం అది.

అత్తకు ఒక్కతే కూతురు. నాకంటే చాలా చిన్నది, వరసకు మరదలు. మద్రాసు రైల్లో ఎవరో అమ్మాయి వేసుకున్న టాప్ చూసొచ్చి, అట్లాంటిదే కావాలని అన్నం మానేసి కూర్చుంది. మామ ఎవరి చేతనో తిరుప్పూరు నుంచి పసుప్పచ్చ బనియన్ గుడ్డ ముక్క ఒకటి తెప్పించాడు. అత్త అరవ పేపరు పరిచి, పిల్ల చొక్కా దాని మీద పెట్టి గీసి, కాగితం కటింగు తయారుచేసింది. ఇక అక్కణ్ణించి పిల్ల పేచీలు. చేతులు పొడుగు కావాలంటే, కాగితానికి అన్నం మెతుకులతో ముక్కలు అంటించారు. మెడ దించొద్దంటే దించలేదు. ఆఖరికి ఎడం పక్క జేబు కావాలంది. "ఆడపిల్లకు జేబు యాలమే? ఏం పెట్టుకుంటావు దాంట్లో?" అంది అత్త. "చెయ్యి పెట్టుకుంటా" అంది పిల్ల. ఇన్ని మార్పులయ్యేసరికి గుడ్డ చాల్లేదు, అత్త కాగితాన్ని అడ్డంగా తిప్పి కోసేసింది. మగ్గం గుడ్డతో బతికిన మనిషికి అందులో తప్పు కనపడదు. కుట్టినాక టాప్ చక్కగా అమిరింది కూడా. పిల్ల జేబులో చెయ్యి పెట్టుకుని వీధి ఈ కొస నుంచి ఆ కొసకు ఊరికే తిరిగింది.

ఆ వానాకాలమే దానికి జ్వరమొచ్చింది. తిరుపతి ఆసుపత్రికి తీసుకొచ్చారు, మళ్ళీ నగరికి నడిచి పోలేదు. అంతకంటే రాయడం నా వల్ల కాదు. మావైపు పోయినవాళ్ళ గుడ్డలు ఇంట్లో ఉంచుకోరు, కర్మ రోజున ఇచ్చేస్తారు. అన్నీ మూటగట్టి ఇచ్చారు గానీ, దండెం మీదున్న ఆ టాప్ జోలికి అత్త ఎవర్నీ పోనివ్వలేదు. ప్రతి శుక్రవారం దాన్ని తడిపి, పిండీ పిండనట్టు పిండి, భుజాల దగ్గర క్లిప్పులు పెట్టి పెరట్లో ఆరేసేది. కొన్నేళ్ళకు, నా కూతురు చంకలో ఉన్నప్పుడు, నేను నగరికి పోతే ఆ టాప్ వేసుకుంటే తొడల దాకా వచ్చేంత కిందికి దిగి ఉంది. నేను చూస్తూ నిలబడిపోయాను. అత్త పక్కకొచ్చి, "సూస్తివా, పిల్ల పెరగతా ఉండాది. సన్నబడిందనుకోబాక, వయసుకొచ్చే పిల్లోళ్ళు అట్లే పోతారు పొడుగ్గా" అంది, మగ్గం మోతలో అందరితో మాట్లాడే ఆ పెద్ద గొంతుతోనే. అప్పుడే కరెంటు పోయింది. వీధిలో మగ్గాలన్నీ ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో టాప్ మెల్లగా మావైపు ఊగింది. సాగిపోయిన జేబు, లోపల ఎవరో పిడికిలి పెట్టుకున్నట్టు ఉబ్బి ఉంది. నాకు భయమేసింది. చంకలో పిల్లను గట్టిగా పట్టుకుని ఇంట్లోకి వచ్చేశాను.

బస్సెక్కించడానికి వచ్చిన మామ దారిలో నోరు విప్పాడు. "అడ్డం కోసిన గుడ్డమ్మా అది. తడిస్తే దిగతాది. నాకు తెల్దా? మీ అత్తకు ఎవురు సెప్తారు?" అన్నాడు. ఆయన బెంగ అది కాదు. గుడ్డ జల్లెడైపోయింది, ఏదో ఒక శుక్రవారం అత్త చేతిలోనే చినిగిపోతుంది. "ఆ పొద్దు మీ అత్త బతకదు పాపా. ఒకరిని పంపించినా. ఇంకొకరిని పంపించే ఓపిక నాకు లేదు" అన్నాడు. పాతది చినిగేలోగా అదే కటింగుతో ఇంకొకటి కుట్టిమ్మని, మడత పెట్టిన అరవ పేపరును నా సంచిలో పెట్టాడు.

అదే పసుప్పచ్చ గుడ్డ కోసం తిరుపతిలో అంగళ్ళన్నీ తిరిగాను. కాగితం విప్పితే, చేతుల దగ్గర అంటించిన మెతుకులను చీమలు తిన్న గుర్తులున్నాయి. గుడ్డ మీద దాన్ని పెట్టి, కత్తెర పట్టుకుని, ఊరికే కూర్చున్నాను. అడ్డంగా పెడితే ఆ పిల్ల ఇంకా పెరుగుతూనే ఉంటుంది. నిలువుగా పెడితే అక్కడితో ఆగిపోతుంది. అవతల నా కూతురు నిద్రలో ఏదో గొణిగింది. నేను నిలువుగా పెట్టి కోశాను.

కొత్త టాప్ చేతికిస్తే అత్త దాన్ని ఒళ్ళో పరుచుకుంది. వేళ్ళతో నలిపింది. అడ్డంగా లాగితే సాగింది, నిలువుగా లాగితే సాగలేదు. "బాగా కోసినావు పాపా. ఇది పెరగదు" అంది. మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "నాకు తెల్దనుకుంటిరా మీరు? మగ్గం పక్కన పుట్టినదాన్ని. మొదటిసారి ఉతికిన పొద్దే తెలిసింది. తెలిసే తడపతా ఉండా. ఇంకేముండాది నాకాడ, పెంచేదానికి?" అంది. అంత చిన్న గొంతుతో అత్త మాట్లాడటం ఆ ఒక్కసారే విన్నాను. తర్వాత కొత్త టాప్‌ను మడిచి నా కూతురి ఒళ్ళో పెట్టింది. "ఇది ఈ పిల్లకు ఎత్తిపెట్టు. పిల్లే పెరగతాది, గుడ్డ పెరగాల్సిన పన్లేదు" అంది.

పాత టాప్ చినగలేదు. శుక్రవారాలూ ఆగలేదు. అత్త పోయినప్పుడు మామే దాన్ని దండెం మీంచి తీసుకొచ్చి ఆమె మీద కప్పాడు. అప్పటికది అత్త మెడ దగ్గర పెడితే మోకాళ్ళ కిందికి వచ్చింది. కొత్తది నా బీరువాలో అడుగున ఉంది. మా అమ్మాయికి మరదలు పోయిన వయసు వచ్చిన ఏడాది, అది తుమ్మినా నాకు నిద్ర పట్టేది కాదు. ఆ టాప్ దానికి తొడగడం మాట దేవుడెరుగు, బీరువాలో ఆ అరే తెరవలేదు.

ఆదివారం దాని కాగితాన్ని నేనే నిలువుగా తిప్పాను. గుడ్డ చాలక, వేరే రంగు గుడ్డ తెచ్చి చేతులు కుట్టాం. ఎడం పక్క జేబు పెట్టాను. అందులో ఏం పెట్టుకుంటావని మాత్రం అడగలేదు. నిన్న అమ్మాయి ఆ టాప్ ఉతికి దండెం మీద వెయ్యబోతే లాక్కుని మంచం మీద పరిచాను. "నీ చాదస్తం నీదే" అని నవ్వి, జడ వేసుకోవడానికి అద్దం ముందు నిలబడింది. దాని తల నా తలకు పైన కనిపించింది. ఇది నన్ను దాటి ఎప్పుడు ఎదిగిపోయిందో నాకు తెలియనే తెలియదు. అత్త మాత్రం తన కూతురు పెరగడాన్ని శుక్రవారం శుక్రవారం కళ్ళారా చూసుకుంది.