ఉతకని కోటు

తాసిక్ పట్టణం పక్కన కావలు అనే ఊళ్ళో ఏ ఇంట చూసినా ఎంబ్రాయిడరీ మిషను ఉంటుంది. ఆడవాళ్ళ నమాజు దుస్తుల అంచులకు తెల్ల దారంతో తెల్ల పూలు కుట్టడం అక్కడ అన్నం పెట్టే పని. ఇమాస్ కూడా అదే చేసేది. దానితోపాటు ఊళ్ళో ఇంకెవరూ ముట్టని పని ఒకటి ఆమె చేతికొచ్చింది. మెటల్ అనే హోరు సంగీతం వాయించే బ్యాండ్ల కుర్రాళ్ళు చేతుల్లేని జీన్స్ కోట్ల మీద కుట్టించుకునే ప్యాచ్‌లన్నీ ఆమె మిషను మీదే తయారయ్యేవి.

ప్యాచ్ మీద బ్యాండు పేరు ఉంటుందని అంటారు గాని, దాన్ని చదవగలిగినవాడు ఇంకా పుట్టలేదు. ముళ్ళకంప మీద పిడుగు పడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అయినా కాకిపిల్ల కాకికి ముద్దు, ఎవరి ముళ్ళు వాళ్ళకు అందం. ఇమాస్ చదవాలనే ప్రయత్నం ఎప్పుడో మానేసి, కాగితంలో ఎన్ని ముళ్ళుంటే అన్నీ శ్రద్ధగా కుట్టేది.

ఈ పని ఆమెకు అంటగట్టినవాడు ఓయోన్. షేరింగు వ్యాను నడిపేవాడు. రోజంతా బజారుకెళ్ళే ఆడవాళ్ళనూ వాళ్ళ కోళ్ళగంపలనూ మోసి, ఆదివారం అదే వ్యానులో స్పీకరు పెట్టెలు మోసేవాడు. వాళ్ళ బ్యాండులో అతను బేస్ గిటార్. పాతికేళ్ళ వయసులో ఇమాస్ ఒకరి కార్ఖానాలో కుడుతున్నప్పుడు ఓ కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. లోపలి ఆడవాళ్ళు దాన్ని తలకిందులుగా కూడా తిప్పి చూశారు.

“ఇదేం పువ్వు నాయనా?” అంది ఒకావిడ.

“పువ్వు కాదండీ, పేరు. మా బ్యాండు పేరు. రాతినెత్తురు.”

“రాతికి నెత్తురేంటి? నీకింకా పెళ్ళి కాలేదు కదూ?”

అందరూ నవ్వారు. ఇమాస్ కూడా నవ్వి, కాగితం మాత్రం తీసుకుంది. పేరుకు తగ్గట్టు అక్షరాలు ఎర్రగా ఉండాలన్నాడు. కార్ఖానాలో ఉన్న దారమంతా తెలుపు, మీగడ రంగు. బజారుకెళ్ళి, కుప్పలో కనబడ్డ మొదటి ఎర్ర రీలు తెచ్చుకుని నల్లగుడ్డ మీద వీపంత వెడల్పున్న ప్యాచ్ కుట్టిచ్చింది. ఓయోన్ దాన్ని చాలాసేపు చూసి, “ఒక్క ముల్లు కూడా తగ్గలేదండీ,” అన్నాడు. ఆ మాటకే పడిపోయానని తర్వాత్తర్వాత ఇమాస్ అనేది. మరుసటి ఏడు పెళ్ళయింది.

పెళ్ళయ్యాక తెలిసింది, మెటల్ వాళ్ళ కోటు ఉతక్కూడదట.

“ఏ పుస్తకంలో రాసుంది?” అని అడిగింది.

“రాసుండదు. అంతే.”

ఏళ్ళు గడిచేకొద్దీ కోటు మీద ప్యాచ్‌లు పెరిగాయి, అన్నీ ఆమె కుట్టినవే. వాసన కూడా పెరిగింది. లవంగాల సిగరెట్టు, పెట్రోలు, చెమట, నొప్పుల బామ్, ఇన్నీ కలిసిన వాసన.

“ఇది కోటా పీనుగా? ఆ కంపుకి బల్లులు కూడా పారిపోతున్నాయి,” అనేది ఇమాస్.

“బల్లులు పోతే మంచిదేగా,” అనేవాడు ఓయోన్.

అక్కడితో ఆగేది కాదు ఆమె. ఆ నోటికి అడ్డూ ఆపూ లేదని వీధంతా ఒప్పుకునే మాటే. కోటు మీద అతనికున్న ప్రేమ పెళ్ళాం మీద లేదని దెప్పేది. దానికి ఆమె దగ్గర రుజువులున్నాయి. పెళ్ళయిన కొత్తలో ఒక తెల్ల బనీను కొనిచ్చింది. మెటల్ కుర్రాళ్ళలో తెలుపు తొడిగే ధైర్యం ఎవరికీ ఉండదు, అయినా కొత్త పెళ్ళాం ఇచ్చిందని ఓయోన్ దాన్ని గారుత్‌లో కచేరీకి వేసుకెళ్ళాడు. తిరిగొచ్చేటప్పటికి ఒంటి మీద కోటుంది, దాని కింద బనీను లేదు. జనంలో ఎవరికో ఇచ్చేశానన్నాడు. ఆ ఏటి నుంచే ఇంకో జబ్బు మొదలైంది. కోటు జేబులో ఒక ప్లాస్టిక్ సంచి మడిచి పెట్టుకుని తిరిగేవాడు. వాన చినుకు పడితే కోటు విప్పి సంచిలో చుట్టి, తను తడుస్తూ ఇంటికొచ్చేవాడు.

పోయిన జనవరిలో అతనికి డెంగ్యూ వచ్చింది. వారం తిరక్కుండా పోయాడు. ఖననానికి బ్యాండ్ల వాళ్ళందరూ వచ్చారు. ఎప్పుడూ నల్లబట్టల్లోనే ఉంటారు కాబట్టి ఆ రోజుకని ఎవరూ బట్టలు మార్చుకోవాల్సిన పని లేకపోయింది. పొడుగు జుట్లు ముడులేసుకుని వరసగా నిలబడి ప్రార్థన చేశారు. రాతినెత్తురు పాటగాడు గుగున్ వేదిక మీద బావిలోంచి పులి అరిచినట్టు పాడతాడు. ఆ రోజు “వదినా” అని అతనన్న ఒక్క మాట ఇమాస్‌కు తప్ప ఎవరికీ వినబడలేదు.

నలభయ్యో రోజు ప్రార్థనలు అయ్యాక, ఆనవాయితీ ప్రకారం ఓయోన్ బట్టలన్నీ ఉతికి ఇస్త్రీ చేసి చుట్టుపక్కల వాళ్ళకు పంచేసింది. కోటు తలుపు వెనక మేకుకే ఉండిపోయింది. ఆ కంపు ఎవడిక్కావాలి అని అందరితో అంది. నిజానికి ఎవరూ అడగలేదు, ఆమె ఎవరికీ చూపించనూ లేదు. తలుపు మూసినప్పుడల్లా ఆ వాసన వచ్చేది. ఆమెకు అతని మీద చాలా బెంగగా ఉండేది. ఆ బెంగ ఎక్కువసార్లు విసుగు రూపంలోనే బయటికొచ్చేది.

ఇమాస్ పుట్టి బుద్ధెరిగి ఒక్క మెటల్ కచేరీకి వెళ్ళలేదు. అయినా ఆ ఏడాది వాళ్ళ లోకంలో జరిగిందంతా ఇంట్లో కూర్చునే తెలుసుకుంది. ఉపవాసాల నెలలో కచేరీలుండవు, కుర్రాళ్ళ చేతులు ఊరుకోవు, అందుకని ఆ నెలంతా ప్యాచ్‌ల పని ముంచెత్తింది. పండగ వెళ్ళిన వారానికి ఒక బ్యాండు రెండుగా చీలింది. మొదటి సగం వచ్చింది.

“అక్కా, పేరు మాదే. వాళ్ళ దానికంటే మాకు ముళ్ళు ఎక్కువ పెట్టాలి.”

“ఎంత ఎక్కువ?”

“దూరం నించి తెలిసేలా.”

మర్నాడు రెండో సగం వచ్చి అదే అడిగింది. ఇద్దరికీ సమానంగా పెంచి కుట్టి పంపింది. ఇద్దరూ గెలిచామనుకుని వెళ్ళారు. వానలు తగ్గాక ఒక డ్రమ్ముల అబ్బాయికి సర్కారు ఉద్యోగం వచ్చింది. జుట్టు కత్తిరించుకుని సిగ్గుపడుతూ వచ్చి, ఆఫీసు చొక్కా జేబు లోపలివైపు, బయటికి కనబడకుండా, తన బ్యాండు ప్యాచ్ కుట్టమన్నాడు. ఆగస్టులో ఊరి మైదానాలన్నీ స్వాతంత్ర్య దినం ఆటపాటలకు పోతే, కచేరీ ఒక ఇటుకల బట్టీలో పెట్టుకున్నారు. సాయంత్రం నమాజుకు పిలిచే అజా వినబడగానే వాయిద్యాలు ఆపి, అక్కడే మొహాలు కడుక్కుంటే ఎర్రనీళ్ళు కారాయట.

ఆ నడుమనే రాతినెత్తురుకు కొత్త బేస్ గిటార్ కుర్రాడు దొరికాడు. ఆ కబురు చెప్పడానికి గుగున్ రెండో పెళ్ళికి అనుమతి అడిగేవాడిలా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

“ఎలా వాయిస్తాడు?” అంది ఇమాస్.

“తప్పుల్లేకుండా వాయిస్తాడు వదినా. అదే చిక్కొచ్చింది. అన్న తప్పులకి మేం అలవాటు పడిపోయాం.”

డిసెంబరులో మళ్ళీ వచ్చాడు. ఏడాది చివరి కచేరీ మైదానంలో, ఊళ్ళో బ్యాండ్లన్నీ కలిసి చేస్తున్నారు. ఓయోన్ కోటును బేస్ స్పీకరు పెట్టె మీద, వీపు జనం వైపు ఉండేలా వేలాడదీస్తామన్నాడు. ఇమాస్ సరే అంది. అతను వెళ్ళాక కోటును మేకు మీద నుంచి తీసి వెలుతుర్లో చూసింది. ఆమె పదిహేనేళ్ళ పనితనమంతా ఆ వీపు మీదుంది, దాని మీద జిడ్డూ మట్టీ అట్టకట్టి ఉన్నాయి. కావలులో ఉతకని గుడ్డ గడప దాటదు. కుట్టు పూర్తయ్యాక ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేస్తే గాని దాన్ని పనిగా లెక్కపెట్టరు.

రెండు రోజులు వెనకాడింది. ఉతికితే వాసన పోతుంది. ఆ ఇంట్లో ఓయోన్‌ది అంటూ మిగిలింది ఆ వాసనొక్కటే. ఉతక్కపోతే మనిషిని మురికితో నలుగురిలో నిలబెట్టినట్టవుతుంది. మనిషినే కడిగి సాగనంపాం, కోటుదేముంది అనుకుని మూడోరోజు పొద్దున బేసినులో నానబెట్టింది. జేబులోని ప్లాస్టిక్ సంచిని తీసి పక్కన పెట్టింది.

కాసేపటికి వచ్చి చూస్తే బేసినులో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోటు పైకెత్తింది. పైనున్న మొదటి ప్యాచ్ దారం రంగు దిగి, కింద ఉన్న తెల్ల ప్యాచ్‌లన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. పుర్రెలు గులాబీ, గబ్బిలాలు గులాబీ, ఎముకలు గులాబీ. ఏ ఎర్ర రీలు కొన్నా వేడినీళ్ళ గ్లాసులో ముంచి చూడందే మిషనుకు ఎక్కించని మనిషి ఆమె. ఆ మొదటి రీలు కొన్ననాటికి ఆ సంగతి తెలియదు, తర్వాత గుర్తూ రాలేదు. ఉప్పేసింది, వెనిగర్ పోసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

గుగున్ వచ్చేసరికి కోటు నీడన దండెం మీద ఆరుతోంది. ఇమాస్ చేతిలో కత్తెరుంది.

“ఉతికావా వదినా?” అన్నాడు మెల్లగా.

“ఉతికాను. మీ రూలు తెలిసే ఉతికాను. తిట్టుకో. ఈ పాడు ప్యాచ్ విప్పేసి రేపటికల్లా మంచి దారంతో కుట్టి ఇస్తాను, తర్వాత మాట్లాడు.”

“రూలేం లేదు వదినా.”

“ఏం లేదూ?”

“ఉతక్కూడదని పైకంటాం అందరం. పండక్కి ముందు అందరి కోట్లూ ఉతుకుతాం. నాది మా అమ్మే ఉతుకుతుంది, వాసన సబ్బు పెట్టి మరీ. బయటికి చెప్పుకోం, అంతే.”

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి. ఇమాస్ కత్తెర దించింది.

“మరి మీ అన్నకేం రోగం?”

గుగున్ తేలు కుట్టిన దొంగలా నేల చూపులు చూశాడు. “అన్న బనీను పోగొట్టుకొచ్చాడే, గారుత్ నించి.”

“ఎవరికో ఇచ్చానన్నాడు.”

“ఎవరికీ ఇవ్వలేదు. ఆ రోజు వానొచ్చింది. కోటు రంగు దిగి బనీను వీపంతా నెత్తురు కారినట్టయింది. దారిలో పోలీసాయన ఆపి, ఎవడ్రా నిన్ను పొడిచిందని అడిగాడు. అన్న బనీను విప్పి కాలవలో పారేశాడు. నీకు చెప్పొద్దని మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు.”

“నాకెందుకు చెప్పకూడదు? ఒక్క పూట పని. విప్పేసి మళ్ళీ కుట్టేదాన్నిగా.”

“అదే వదినా. విప్పేస్తావనే చెప్పలేదు. నువ్వు కుట్టిన మొదటిది కదా.”

ఇమాస్ అరుగు మీద కూర్చుంది. పదిహేనేళ్ళుగా తను అన్న మాటలన్నీ ఆమెకు గుర్తున్నాయి, ఒకటీ పొల్లుపోలేదు. బల్లుల సంగతి, పీనుగ సంగతి, పెళ్ళాం కంటే కోటు ఎక్కువన్న సంగతి. వాటిలో ఒక్కదానికైనా అతను నిజం చెప్పి తప్పించుకోలేదు. ఆమె ఏడ్చింది. గుగున్ లేచి, దండెం మీద నిక్షేపంగా ఉన్న కోటును మళ్ళీ సర్దుతూ నిలబడ్డాడు.

“బడుద్ధాయి,” అంది చివరికి, కళ్ళు తుడుచుకుని. “కంపుకొట్టుకుంటూ తిరిగాడు.”

“తిరిగాడు.”

“గులాబీ రంగు కోటు పెడితే నవ్వరూ మీవాళ్ళు?”

“నవ్వనీ. ఏడాదికోసారి మావాళ్ళు కూడా నవ్వాలిగా.”

ఇమాస్ కత్తెర తీసుకెళ్ళి సొరుగులో పడేసింది. కోటు అలాగే వెళ్ళింది.

కచేరీనాటి మధ్యాహ్నం ఆమె మొదటిసారిగా మైదానానికి వెళ్ళింది. మాంసపు ఉండల సూపు అమ్మే బండి పక్కన ఒక స్టూలు సంపాదించి కూర్చుంది. ఆ చప్పుడు చెవులతో కాదు, కడుపుతో వినాల్సొచ్చింది. ముందున్న కుర్రాళ్ళు ఒకరినొకరు గుద్దుకుంటున్నారు, ఎవడైనా పడిపోతే అందరూ ఆగి లేపి మళ్ళీ గుద్దుకుంటున్నారు. అందరి వీపుల మీదా తను కుట్టిన ముళ్ళే. బేస్ స్పీకరు పెట్టె మీద గులాబీ రంగు పుర్రెలతో ఓయోన్ కోటు వేలాడుతోంది. ఎవరైనా నవ్వారేమో గాని ఆమెకు కనబడలేదు.

రాతినెత్తురు రెండో పాటలో ఉండగా చినుకులు మొదలయ్యాయి. వేదిక ముందు భాగానికి కప్పు లేదు. కుర్రాళ్ళు వైర్ల మీద టార్పాలిన్లు లాగుతున్నారు. ఇమాస్ స్టూలు మీద నుంచి లేచి, గుద్దుకుంటున్న వాళ్ళ మధ్య నుంచే దారి చేసుకుని వేదిక ఎక్కింది. చేతిసంచిలోంచి ఓయోన్ ప్లాస్టిక్ సంచి తీసి, కోటు దించి, మడిచి అందులో పెట్టింది. తల మీద వాన పడుతూనే ఉంది.

గుగున్ మైకు పక్కకు తిప్పి ఆమె వైపు వంగాడు. “వదినా, పోవాల్సిన రంగంతా పోయిందిగా. ఇంకేం దిగుతుంది?”

“నాకు తెలుసులే,” అంది ఇమాస్, సంచి మూతి ముడివేస్తూ. “నువ్వు పాడుకో.”