మా బావగారి అనుమానాల డబ్బా

మా బావ ఉమాపతి నేను కాఫీ ఇస్తే ముందు వాసన చూస్తాడు, ఆ తర్వాతే తాగుతాడు. పెళ్లయి ఇరవై ఏడేళ్లయినా, మా అక్క తారామణి పోపు పెడుతుంటే వెనకాల నిలబడి "ఇంగువ ఎక్కువైందేమో" అంటాడు. కాకినాడ నుంచి వచ్చి నాచారంలో ఒక మందుల కంపెనీలో చేరిన నాటి నుంచీ ఆయనకు జీతమిచ్చి మరీ అనుమానించమంటున్నారు. ఇక ఇంట్లో మాత్రం మానేస్తాడా?

రెండు మందుల్ని ఒకే మాత్రలో ఇమడ్చడం ఆయన పని. బీపీకొకటి, షుగరుకొకటి మింగేవాళ్లు రెంటినీ ఒకే గుక్కలో మింగెయ్యాలి. అయితే విడివిడిగా బుద్ధిమంతులైన మందులు పక్కపక్కన చేరితే ఒకదాన్నొకటి పాడు చేసుకోవచ్చు. అందుకని కలిపినదాన్ని వేడిలో, తేమలో నెలల తరబడి ఉంచి చూస్తారు. పాడైతే తప్పెవరిదో తేలాలి కదా, పక్కనే ఒక్కో మందునూ విడిగా కూడా ఉంచుతారు. ఆరు నెలలు ఏమీ కాకపోయినా మా బావ 'బాగుంది' అనడు. 'ఇప్పటివరకూ ఏమీ కాలేదు' అంటాడు. మా ఆయన గురించి అడిగినా ఇప్పటికీ అదే మాట.

అలాంటి మనిషి ఇంట్లోకి వెంకటనర్సమ్మ వచ్చింది.

అక్క ఉప్పల్‌లో ఒక బడిలో ఇరవై నాలుగేళ్లు డ్రాయింగ్ టీచరు. పిల్లల చేత మామిడికాయలూ జెండాలూ వేయించడంతోనే సరిపోయింది. కిందటేడు బడి మానేసి తన బొమ్మలు తాను మొదలుపెట్టింది. వాటికి బట్ట తయారుచేసి తెచ్చేది పీర్జాదిగూడలో ఉండే వెంకటనర్సమ్మ. ఆమె పుట్టింటివాళ్లు ఊరూరా కథలు చెప్పేవాళ్లకు బట్టమీద బొమ్మల పటాలు వేసి ఇచ్చినవాళ్లు. చింతగింజల జిగురూ సుద్దమట్టీ పూసి ఆమె తయారుచేసే బట్ట, నిమిరితే కోడిగుడ్డు పెంకులా ఉంటుంది. దానిమీద అక్క ఉప్పల్ రింగురోడ్డునూ, మెట్రో స్తంభాల కింద మక్క కంకులు కాల్చే ఆడవాళ్లనూ, కీసరగుట్ట జాతర జనాన్నీ వేసింది. నగరానికి అటు చివర జరిగే ఆర్ట్ ఫెయిర్‌కు నమూనా పంపితే, ఆ పాత బట్టా ఈ కొత్త బొమ్మా కలిసిన తీరు నచ్చి ఇద్దరి పేరా ఒక స్టాల్ ఇచ్చారు. పన్నెండు పటాలు కావాలి, మూడు నెలలు గడువు. యాభై రెండేళ్లకు మొదటిసారి అక్క బొమ్మలు ఊరందరూ చూసే గోడకెక్కబోతున్నాయి.

మా బావ మొదటి రోజే అడిగాడు. "ఆ జిగురులో ఇంకా ఏం కలుపుతారమ్మా?"

"అది ఎవ్వలకు జెప్పొద్దని మా అమ్మ ఒట్టు వెట్టిచ్చుకున్నది సారూ."

అంతే, ఆయనకు నిద్ర పట్టలేదు. "ఏం కలిపిందో చెప్పలేదంటే దాచడానికి ఏదో ఉన్నట్టేగా?" అని నా చెవి కొరికాడు. అప్పట్నుంచీ ఆవిడ తెచ్చిన ప్రతి బట్టనూ వెలుతురుకు పట్టి చూడటమే.

మందులకు వేడీ తేమా పట్టించే ఆఫీసు యంత్రంలో సొంత వస్తువు పెడితే ఉద్యోగానికే ఎసరు. అందుకని సామాన్ల గదిలో ఒక థర్మకోల్ డబ్బా సిద్ధం చేశాడు. వేడికి చిన్న బల్బు, తేమకు గిన్నెడు చిక్కటి ఉప్పునీళ్లు. అక్క కత్తిరించి పారేసిన పటం అంచు ముక్కను రంగుతో సహా అందులో పెట్టి మూత బిగించాడు. అక్కకు చెప్పొద్దని నాకు ఆంక్ష.

నలభై రోజులకు తీశాడు. రంగు జిగటగా వేలికంటుకుంది, దానిమీద నల్లటి బూజు చుక్కలు. మా బావ ముఖం వెలిగిపోయింది. ఇంట్లో దొంగ దొరికినందుకు సంబరపడే మనిషిని అప్పుడే చూశాను. ఒళ్లు మండింది నాకు.

ఆ సాయంత్రం వెంకటనర్సమ్మ పదకొండో బట్ట తెచ్చి ఇంకా చెప్పులు విప్పలేదు, ఆ ముక్క ఆమె ముందు పెట్టాడు. "చూడండి మీ జిగురు నిర్వాకం. కొన్నవాళ్లు రేపు మా ఇంటిమీదికి వస్తారు."

అక్క చేతిలో కుంచె ఆగిపోయింది. వెంకటనర్సమ్మ ముక్కను తిప్పి, రంగు లేని చోట గోరుతో గీకింది. అక్కడ తెల్లగా, గట్టిగానే ఉంది.

"ఇదొక్కటే వెట్టిన్రా సారూ?"

"అవును."

"ఉత్త బట్ట వెట్టి సూశిన్రా? ఉత్త రంగు వెట్టి సూశిన్రా?"

ముప్ఫై ఏళ్లుగా కింది ఉద్యోగులకు మా బావ నూరిపోస్తున్నది అదే. దొంగెవరో ముందే తేల్చుకున్నాక మిగతా ముక్కలెందుకులే అనుకున్నాడు.

"మీ అనుమానం బట్ట మీద గాదు, నా మీద," అంది వెంకటనర్సమ్మ. "తారమ్మా, నేనిగ రాను." తెచ్చిన బట్టను గుమ్మంలోనే వదిలేసి వెళ్లిపోయింది.

ఇద్దరి పేర ఇచ్చిన స్టాల్ ఒకరితో నడవదు. గడువు ఇంకా ఐదు వారాలే. అక్క ఏడవలేదు, అరవలేదు. అన్నం వడ్డించేది గానీ ఆయనతో మాటలు లేవు.

ఈసారి డబ్బాలో నాలుగు సీసాలు చేరాయి. ఉత్త బట్ట ఒకటి, ఏమీ కలపని ఉత్త రంగు వేసిన బట్ట ఒకటి, అక్క కలుపుకుని వాడే రంగు వేసిన బట్ట ఒకటి. నాలుగోది ఏమిటి బావా అంటే, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. రెండు వారాలకు ఆయనే చెప్పాడు. రంగుకు మెరుపు వస్తుందని, మాత్రల పూతకు వాడే పొడి శాంపిల్ పొట్లం ఒకటి ఆయనే అక్కకు తెచ్చిచ్చాడట. మొదటి రెండు సీసాలూ శుభ్రంగా ఉన్నాయి. పొడి కలిసినది మళ్లీ బూజు పట్టింది, ఉత్త పొడి నీరు పీల్చుకుని ముద్దయిపోయింది. ఇంటిల్లిపాదినీ అనుమానించినవాడు తను తెచ్చిన పొట్లాన్ని మాత్రం ఒక్కసారీ వాసన చూడలేదు.

పొడి కలిసిన పటాలు నాలుగు తేలాయి. అంటే ఇంకో ఐదు బట్టలు కావాలి, ఉన్నది మూడు వారాలు. మా బావ నాలుగు సీసాలూ సంచిలో పెట్టుకుని పీర్జాదిగూడ బయల్దేరాడు. తోడు నేను.

"తప్పు నాదమ్మా. పాడు చేసింది నా పొడి," అన్నాడు గుమ్మం బయటే నిలబడి.

వెంకటనర్సమ్మ సీసాల వైపు చూడనైనా లేదు. "తారమ్మ మొకం జూసి ఇస్త. గని బట్టకు మీ చెయ్యి సోకొద్దు. జిగురుల ఏమున్నదో అడగొద్దు."

"అడగను," అన్నాడు. గొంతులో చేపముల్లు అడ్డుపడ్డట్టే అన్నాడు పాపం.

ఫెయిర్ నాడు స్టాల్ బయట స్టూలు మీద కూర్చున్నాడు, దేన్నీ ముట్టుకోలేదు. ఒకావిడ కీసరగుట్ట పటం ముందు చాలాసేపు నిలబడింది. "ఎన్నాళ్లుంటుందండీ ఇది? బట్టకు ఏం పూశారు?"

అక్క వెంకటనర్సమ్మ వైపు చూసింది. వెంకటనర్సమ్మ స్టూలు వైపు చూపించింది. "ఆ సార్‌నడుగున్రి. పరీక్షలన్నీ ఆయననే జేశిండు."

మా బావ లేచి నిలబడ్డాడు. 'ఇప్పటివరకూ' అనబోతున్నాడని పెదవుల కదలిక చూసి భయపడ్డాను.

"ఏం పూశారో నాకు తెలియదండీ," అన్నాడు. "కానీ ఉంటుంది."

వెంకటనర్సమ్మ తన ఫ్లాస్కులోంచి కప్పులో చాయ్ పోసి ఆయన చేతికిచ్చింది. ఆయన వాసన చూడకుండా తాగేశాడు.