మరమరాలకు పడ్డ చేప

మస్కట్‌లో నేను వంట చేసిన ఇంట్లో సార్ భోజనాల బల్ల మీద కూర్చుని ఈగలు తయారు చేసేవారు. నిజం ఈగలు కావు. చిన్న గాలం ముల్లుకి కోడి ఈకలు, పిల్లి బొచ్చు, దారం చుట్టి అచ్చం పురుగులా చేసేవారు. ఆయనది అమెరికాలో పడమటి కొండల వైపు. అక్కడి నదుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట. దాన్ని వానపాముతో పట్టడం నామోషీ అట. ఈ ఉత్తుత్తి ఈగను నీటి మీద వాలినట్టు విసిరి పట్టాలట. నేను గోదావరి పక్కన పుట్టినదాన్ని. చేప కోసం ఇంత యాతన పడే మనిషిని చూడటం అదే మొదలు.

ఒకరోజు పొద్దున్నే వంటగట్టు మీద బొద్దింక కనబడితే చెప్పు తీసి ఒక్కటిచ్చాను. తీరా చూస్తే సార్ కట్టిన ఈగ. ఉద్యోగం ఊడిందిరా దేవుడా అనుకుంటూ, నలిగిన ఈగను పళ్ళెంలో పెట్టుకుని తీసుకెళ్ళాను. ఆయన లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నువ్వే నమ్మావంటే ట్రౌట్ కూడా నమ్ముతుంది అన్నారు. అది పొగడ్తో తిట్టో నాకు ఇప్పటికీ తెలియదు.

ఒమాన్‌లో ట్రౌట్ లేదు. ఆ మాటకొస్తే ఏడాది పొడుగునా పారే నదే లేదు. అందుకని సెలవు రోజు సాయంత్రాలు పెరట్లోనే సాధన. నన్ను గోడ దగ్గర స్టీలు పళ్ళెం పట్టుకుని నిలబడమనేవారు. ఆ చివర్నుంచి పొడుగాటి గాలం కర్ర ఊపి, పళ్ళెంలో పడేటట్టు ఈగను విసిరేవారు. పడితే నేను "ఎస్ సార్" అనాలి. అంటే ట్రౌట్‌ను నేనేనన్నమాట. పక్కింటి ఒమానీ ముసలాయన మేడ మీద కుర్చీ వేయించుకుని మరీ చూసేవాడు.

సార్ వాళ్ళ ఊరి నదిలో రాళ్ళ కింద ఏళ్ళ తరబడి దాక్కున్న పురుగులు వేసవి మొదట్లో ఒక్కసారిగా బయటికొచ్చి రెక్కలు విప్పుతాయట. చెట్ల నిండా అవే, గాలి నిండా అవే. చేపలకి పిచ్చెక్కిపోతుందట. ఆ సంగతి చెబుతూ ఆయన కడుతున్న ఈగను పక్కన పెట్టేసేవారు.

"ఓస్, మా ఉసిళ్ళే కదండీ!" అన్నాను. తొలకరి వానకి పుట్టల్లోంచి లేస్తాయి, దీపం కింద నీళ్ళ పళ్ళెం పెడితే రాలిపడతాయి, రెక్కలు దులిపి వేయించుకుని తింటాం అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. తింటారా అన్నారాయన, కళ్ళు పెద్దవి చేసుకుని. తినక పూజ చేస్తామా అన్నాను, తెలుగులో.

రెండువేల ఎనిమిది అనుకుంటా, చలి వెనకబట్టిన రోజుల్లో మేడమ్ వంటింట్లోకి వచ్చింది. ఈ జూన్‌లో పురుగులు లేచే వేళకి తన నది ఒడ్డున ఉండాలని సార్ ఉద్యోగం మానేస్తానంటున్నారు, ఇల్లు ఖాళీ చేస్తాం, నీ వీసా కూడా రద్దు చేయాల్సి వస్తుంది అని చెప్పింది. ఇక్కడ ఒక్క చేపైనా పడితే ఆయన మనసు కుదుటపడేదేమో అని నిట్టూర్చింది.

నా కూతురు అప్పుడు రాజమండ్రిలో నర్సింగ్ చదువుతోంది. ఇంకా రెండేళ్ళ చదువుంది. తండ్రి లేని పిల్ల. నేను ఇంటికెళ్ళి కూర్చుంటే అదీ చదువు మానేసి నా పక్కన కూర్చోవాలి. ఎక్కడో పురుగులకి రెక్కలొస్తున్నాయని నా పిల్ల చదువు ఆగిపోవడమేమిటని ఒళ్ళు మండిపోయింది.

ఆ ఇంటి డ్రైవరు కడప వైపు సాయిబు. నన్ను అక్కా అని పిలిచేవాడు. నా మొహం చూసి, "ఏందక్కా, అట్లుండావు?" అన్నాడు.

"చేప కావాలి తమ్ముడూ. పురుగులు కూడా కావాలి."

"చేపలకేం కరువు? మా బావ ఇబ్రా ఊరి కాడ తోటలో పన్జేస్తాండాడు గదా. ఆడ నీళ్ళ తొట్టి నిండా అవే. పురుగులంటావా, యాడ్నుంచి తెచ్చేది? బొరుగులు యేస్తే ఎగబడొస్తాయంట."

బొరుగులంటే మా మరమరాలు. పెద్ద సంచి కొన్నాం.

తోటలో చేపలున్నాయని మేడమ్ చేత సార్‌కి చెప్పించి, ఆ వారం సెలవుకి నలుగురం ఇబ్రా వెళ్ళాం. ఖర్జూరపు తోట మధ్యలో సిమెంటు తొట్టి, అందులో నడుము లోతు నీళ్ళు. మా వైపు జిలేబీ చేప అంటారే, అవి నల్లగా తిరుగుతున్నాయి. మేడమ్ నీడలో కుర్చీ వేసుకుంది. సార్ రొమ్ము దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని, ఆ ఎండలో గట్టు మీద మోకాళ్ళూని నక్కారు. డ్రైవరూ నేనూ మోటారు గది వెనక చేరి గుప్పిళ్ళతో మరమరాలు గాలిలోకి ఎగరేశాం. అవి తొట్టిలో రాలాయి. చేపలు నీళ్ళు ఉడికినట్టు పైకి లేచాయి.

సార్ గోధుమరంగు ఈగ విసిరారు. ఒక్క చేపా దాని వంక చూడలేదు. ఆయన నీటిలోంచి ఒక మరమరం తీసి, వేళ్ళతో నలిపి, వాసన చూసి, కొరికారు. అయిపోయింది, దొరికిపోయాం అనుకున్నాను. ఆయన మాత్రం కళ్ళజోడు పెట్టుకుని, పెట్టె తెరిచి, తెల్ల ఈకలు తీసి కట్టడం మొదలుపెట్టారు. నీటి మీద ఏది తేలుతుంటే అచ్చం దాన్నే కట్టాలి, అది వాళ్ళ పద్ధతి. ఆయన పద్ధతి తప్పే మనిషి కాదు.

"యా అల్లా! బొరుగు కడతాండాడక్కా!" అని డ్రైవరు నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు.

ఆ ఈకల మరమరం నీటి మీద వాలగానే చేప మింగేసింది. సార్ చిన్నపిల్లాడిలా కేక పెట్టారు. మెల్లగా లాగి, రెండు చేతులా పట్టుకుని, ముల్లు ఊడదీశారు. నేను అప్పటికే పరుగెత్తుకొచ్చాను. ఆయన దాన్ని ముద్దు పెట్టుకుని నీటి మీదికి వంగారో లేదో, చేప చేతుల్లోంచి జారిపోయింది.

"అయ్యో, పోతోంది!" అని వేసుకున్న చుడీదారుతోనే తొట్టిలో దూకాను. అది ఇంకా తేరుకోలేదు, మూలకి తరిమి మొప్పల కింద ఒడిసి పట్టి పైకెత్తాను. చిన్నప్పుడు పంట కాలవలో నేర్చిన విద్య. ఈ చేప పోతే ఈ దేశంలో నాకింక కూడు లేదని నా భయం.

"వదులు! వదిలెయ్!" అని అరుస్తున్నారు సార్. వాళ్ళు పట్టేది మళ్ళీ వదలడానికేనట. ఇంత తతంగమూ వదలడానికా! నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. చేపను ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"సార్, మీరు జూన్‌లో వెళ్ళొద్దు. వెళ్ళనంటే వదులుతాను. నా కూతురు నర్సింగ్ చదువుతోంది. రెండేళ్ళు, రెండేళ్ళు చాలు."

"నీకు కూతురుందా?" అన్నారాయన. ఆ ఇంట్లో నేను చేరి మూడేళ్ళు దాటింది. ఆయనేమో ఏ పురుగు ఏ వారం లేస్తుందో చెప్పగల మనిషి.

"ఉంది సార్."

చేప నా చేతుల్లో నోరు తెరుస్తోంది. సార్ దాని వంకా నా వంకా చూశారు. "సరే. రెండేళ్ళు. ముందు దాన్ని నీళ్ళలో పెట్టు."

"మేడమ్ కూడా చెప్పాలి."

"రెండేళ్ళు!" అని మేడమ్ కుర్చీలోంచి లేచి అరిచింది. అప్పుడు వదిలాను. చేప వెల్లకిలా తేలింది.

"సచ్చిపోయిందక్కా," అన్నాడు డ్రైవరు మెల్లగా.

సార్ తొట్టిలోకి దిగారు. దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మొప్పల్లోకి నీరు ఎక్కేలా ముందుకీ వెనక్కీ ఆడిస్తూ ఉండిపోయారు. అది చస్తే మాట కూడా చచ్చినట్టేనేమో అనుకున్నాను. నడుము లోతు నీళ్ళలో నిలబడి తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణాలు పెట్టాను. ఒక చేప బతకాలని మొక్కుకోవడం నా జన్మలో అదే మొదటిసారి.

తోక ఆడింది. ఇంకోసారి ఆడింది. సార్ వేళ్ళు విప్పగానే అది అడుక్కి వెళ్ళిపోయింది. నేను ఆ నీళ్ళలోనే కూలబడి, వాళ్ళందరి ముందూ భోరున ఏడ్చేశాను.