నిలువుగా చదివిన బొమ్మల కథ

నిన్న సాయంత్రం మోకిలలో మా బిడ్డ ఇంట్లో మక్కజొన్న పేలాల వాసన వచ్చింది. మనవరాలు గిన్నె ఒళ్లో పెట్టుకుని, ఒకప్పటి బొమ్మల పుస్తకాల్లోని వీరవనిత మీద తీసిన యానిమేషన్ సినిమా చూస్తున్నది. నేనూ పక్కన కూర్చున్నాను. కాసేపటికి శత్రువులు ఆ వీరవనితను గొలుసులతో స్తంభానికి కట్టేశారు. అటువంటి బొమ్మే నేను పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో చేవెళ్ల లైబ్రరీలో చూశాను.

ఆ ఏడు తెలంగాణ ఉద్యమంతో బడులు మూతపడ్డాయి. పట్నంలో కాలేజీ చదువుతున్న మా అన్న ఊరేగింపులో పట్టుబడి జైల్లో ఉన్నాడు. అమ్మానాన్నలను మేము అవ్వ, బాపు అనేవాళ్లం. బాపు రోజంతా కూరగాయల తోటలో, ఎండలో నీళ్లు కట్టేవాడు. అవ్వకు చదువు రాదు. విడుదలైనవాళ్ల పేర్లు పేపర్లో వస్తాయని ఎవరో చెబితే, రోజూ జొన్నపేలాలు, బెల్లంముక్క నా ఒళ్లో కట్టి, బస్టాండు పక్కన పెంకుల గదిలో ఉన్న లైబ్రరీకి పంపేది. అన్న పేరు కోసం పేపరును ఒక్కో నిలువు వరుసా పైనుంచి కిందికి చదివేదాన్ని. అట్లా చదవాలని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే నేర్చుకున్నాను.

అక్కడే పాత పుస్తకాల కట్టలో అటువంటి వీరవనిత కథే ఉన్న, అట్ట పోయిన ఇంగ్లీషు బొమ్మల పుస్తకం దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని మూడు రోజులు చదివాను, దాన్ని కూడా పేపరులాగే నిలువుగా. చివరి పేజీలో ఎడమ వరుస కింద ఆమె గొలుసులు తెంపుకుని ఎగురుతున్నది. కుడి వరుస కింద సైకిలు ప్రకటన, దానికి పై బొమ్మలో స్తంభానికి కట్టేసి ఉన్న ఆమె. కథ అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఆ సాయంత్రం కొత్తిమీర కట్టలు కడుతున్న అవ్వకు ఆ కథే చెప్పాను. ఎగిరిపోయిన మనిషిని మళ్లీ పట్టి కట్టేశారన్నాను. అవ్వ చేతిలో కట్ట అట్లాగే ఆగింది.

"ఆమెకు అవ్వ లేదా?" అన్నది.

పుస్తకంలో లేదన్నాను.

"ఉంటే గా స్తంభం కాడనే కూసుంటుండె."

మర్నాడు నన్ను లైబ్రరీకి పంపలేదు. రొట్టెలు, ఉల్లికారం, పేలాలు మూట కట్టుకుని పట్నం పోయే కూరగాయల లారీ ఎక్కింది. అంతవరకు మొయినాబాద్ దాటి ఎరగని మనిషి, జైలు గేటు ముందు రెండు రోజులు కూర్చున్నది. మూడో రోజు అన్నను చూడనిచ్చారు. పేలాలు మాత్రం లోపలికి పోనిచ్చారట. రొట్టెలు ఎండిపోయి తిరిగొచ్చాయి.

నెలకు అన్న విడుదలై వచ్చాడు. ఒకరోజు నాతో లైబ్రరీకి వచ్చి ఆ పుస్తకం తిరగేసి, ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఇంట్లో అడుగుపెట్టి అన్నాడు: "పేపర్ లెక్క సదివినవే పిల్లా. అడ్డంగ సదవాలె. ముందు కట్టేసిండ్రు, ఎనక తెంపుకుని పోయింది."

సిగ్గుతో నాకు తల లేవలేదు. పొయ్యి దగ్గర నుంచి అవ్వ అన్నది: "పిల్ల మంచిగనే సదివింది తియ్యి. నువ్వు జెప్పినట్ల సదివితే నేను ఇంట్లనే కూసుందును."

ఇప్పుడు ఆ పెంకుల గది ఉన్నచోట సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. మా తోట ప్లాట్లయింది. జొన్నలు ప్యాకెట్లలో కొంటున్నాము. అవ్వా లేదు, అన్నా లేడు.

"అమ్మమ్మా, గొలుసులు తెంపేసింది, చూసినవా?" అన్నది మనవరాలు.

నేను చూడలేదు. స్తంభం పక్కన ఎవరైనా కూర్చున్నారేమోనని వెతుకుతున్నాను.