తగ్గేది నీళ్లే, యాసిడ్ కాదు

మొన్న శుక్రవారం పొద్దున జమ్మలమడుగు బస్సుకు బయలుదేరుతుంటే కబురు వచ్చింది, బ్యాటరీల షాపు ఖాలా చనిపోయిందని. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, మా వీధంతా ఆమెను అలాగే పిలిచేది. బ్యాగు కింద పెట్టి స్కూలుకు ఫోన్ చేసి సెలవు చెప్పాను. నేను సైన్సు టీచర్ని. బ్యాటరీ గురించి నాకు తెలిసిన అసలు సంగతులు మాత్రం ప్రొద్దుటూరులో మా వీధి చివరి షాపులో ఆమె దగ్గర నేర్చుకున్నవే. ఈ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గు లేదు.

భర్త కువైట్ పోయినప్పుడు షాపు ఆమె చేతికి వచ్చింది. ఆయన తిరిగొచ్చాక కూడా ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఆయన టీ తెచ్చి ఇచ్చేవాడు. ఆమె కొంగు నిండా యాసిడ్ చిల్లులు. ట్రాక్టర్ బ్యాటరీలు మోసుకొచ్చే పులివెందుల వైపు రైతులకు ముందు తిట్లు, తర్వాతే పని. ఒకసారి సింహాద్రిపురం నుంచి ఒకాయన బ్యాటరీలో బోరు నీళ్లు పోసి తెచ్చాడు.

"ఏమప్పా, మీ బోరు నీళ్లు నువ్వే తాగలేక క్యాన్ కొనుక్కుంటాండావు. బ్యాటరీ ఎట్ల తాగుతాది?" అనింది.

ఆయన నవ్వలేదు. నేను పడీపడీ నవ్వాను. అంతకన్నా పెద్ద తప్పు నేను చేయబోతున్నానని అప్పుడు తెలియదు.

మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు. ఇంట్లో ఆక్సిజన్ మిషను ఆగకుండా నడవాలి, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద. రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఇన్వర్టర్ బ్యాటరీలో ద్రవం మట్టం తగ్గింది. నీళ్లు పోస్తే బలం తగ్గుతుందని, తెలివిగా యాసిడ్ కొనుక్కొచ్చి పోశాను. సైన్సు టీచర్ని మరి! నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఐదు నిమిషాలకు మిషను ఆగింది. అమ్మ పెదాలు నల్లబడుతున్నాయి. షాపుకు పరిగెత్తాను. ఖాలా ఒక్క మాట అడగకుండా తన ఇంటి బ్యాటరీని ఊడదీయించి ఆటోలో వేసుకొచ్చింది.

అమ్మ తేరుకున్నాక, పాత బ్యాటరీ మూతలు తీసి, ద్రవం చిక్కదనం చూసే గాజు గొట్టం ముంచింది. లోపల తేలే గీతల పుల్ల ఉండవలసినదానికన్నా పైకి లేచింది. ఖాలా నా ముఖం చూసింది.

"పాతదైపోయిందిలే అక్కా" అని అమ్మతో అనింది. వాకిట్లోకి వచ్చాక నాతో మెల్లగా చెప్పింది: "సారూ, చార్జింగుకు, ఎండకు తగ్గేది నీళ్లే. యాసిడ్ యాడికీ పోదు. మళ్లీ యాసిడే పోస్తే సీసం పలకల్ని తినేస్తాది."

ఆనాటి నుంచి నేను ఆమె శిష్యుణ్ని. ఒక సాయంత్రం, డ్రై సెల్‌లో తడి ఉండదు, అంతేగా తేడా అన్నాను. ఆమె ఒక టార్చి సెల్లును కోసి, లోపలి నల్లటి ముద్ద నా వేలికి రాసింది. చల్లగా, తేమగా ఉంది.

"ఒట్టి పొడి అయితే ఎట్ల పనిచేస్తాది సారూ? పెద్ద బ్యాటరీలో నీళ్లు, దీంట్లో ముద్ద. దీన్ని తలకిందులు పెట్టినా కారదు. దాన్ని పక్కకు వంచితే కాళ్లు కాలతాయి."

సెల్లు జింకు డబ్బా లోపలి వైపు అక్కడక్కడా తినేసినట్టు ఉంది. వాడేకొద్దీ ఆ డబ్బానే కరుగుతుంది కాబట్టి అయిపోతే పారేయడమే. సీసం బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తే పలకలు మళ్లీ పనికి వస్తాయి. పుస్తకంలో ఇదంతా ఉంది. నేను ఏళ్ల తరబడి చెప్పాను కూడా. అర్థమైంది మాత్రం ఆ సాయంత్రమే.

చేసిన తప్పు అమ్మకు చెప్పలేకపోయాను. నా చదువు మీద ఆమెకు అంత నమ్మకం. శుక్రవారం ఖాలా పోయిన కబురు అమ్మకు చెప్పి, పక్కన కూర్చుని ఇది కూడా చెప్పేశాను. ఆ రోజు నీ ఊపిరి మీదికి తెచ్చింది నేనేనమ్మా అన్నాను.

"తెలుసులేరా. ఆయమ్మ ఆ పొద్దే చెప్పింది. 'సారే చెప్తాడు, అంతవరకూ అడగొద్దక్కా' అనింది. నేను అడగలే" అనింది అమ్మ.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నన్ను ఏడవనిచ్చి, "నన్ను ఆడికి తీసకపో" అనింది.

మిషను, ఇన్వర్టర్, బ్యాటరీ అన్నీ ఆటోలోకి ఎక్కించాను. ఖాలా ఇంట్లో ఆడవాళ్లు జరిగి ఆమె తల దగ్గర అమ్మకు చోటిచ్చారు. మధ్యాహ్నం నమాజు వేళకు మగవాళ్లం జనాజాను, ఖాలాను పడుకోబెట్టిన పాడెను, భుజాలకెత్తుకున్నాం. వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. అమ్మ గడప దాకా వచ్చి నిలబడింది. ఒక చేత్తో ముక్కు దగ్గర గొట్టం పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి ఉంది.